చేపల వేటకు బయలుదేరే ముందు గాలిని, అలను చదవడం

ఫోనులో ఎండ బొమ్మ ఉంది. గాలి పన్నెండు అని ఉంది. పడవ సిద్ధంగా ఉంది. అనుమానం తీరక రెండో యాప్ తెరిస్తే అదే మాట, మూడోది తెరిచినా అదే. మూడు చోట్లా ఒకేలా ఉంది కాబట్టి రేపు నిశ్చింతగా వెళ్ళవచ్చు అనుకుంటాం. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళలో చాలామంది చేసే మొదటి పొరపాటు ఇదే. ఆ మూడు యాప్‌లూ ఒకే మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ) ఇచ్చిన ఒకే అంకెను మూడు రంగుల్లో చూపిస్తూ ఉండవచ్చు. ఒక మనిషి అన్న మాటను ముగ్గురి నోట విన్నంత మాత్రాన ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదు.

‘ఏ యాప్ చూడమంటారు?’ అని అడిగేవాళ్ళకు నా జవాబు మొదట నిరాశ కలిగిస్తుంది. యాప్ పేరు కంటే ముందు తెలుసుకోవలసినవి మూడున్నాయి. ఆ అంకెను ఎవరు లెక్కగట్టారు? ఎప్పుడు లెక్కగట్టారు? అది తప్పే అవకాశం ఎంత? ఈ మూడో ప్రశ్నకు జవాబు చూపించని సూచన ఎంత అందంగా ఉన్నా, దాన్ని నమ్మి నేను పడవ ఎక్కను. తన అనుమానాన్ని దాచుకోని సూచనే నా దృష్టిలో నమ్మదగిన సూచన. ఆ అనుమానాన్ని ఎక్కడ వెతకాలి, ఎలా చదవాలి అన్నదే ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న సంగతి.

అంకె పుట్టే చోటు

ప్రపంచం మొత్తానికి వాతావరణాన్ని లెక్కగట్టే పెద్ద మోడళ్ళు కొన్నే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా నడిపే జీఎఫ్‌ఎస్ వాటిలో ఒకటి. అది రోజుకు నాలుగుసార్లు కొత్తగా లెక్కవేసి, 16 రోజుల వరకు సూచన ఇస్తుంది. ఆ ఫలితాలను ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు కాబట్టి ఎన్నో యాప్‌లు దానిమీదే ఆధారపడ్డాయి. ఐరోపా దేశాలు 1975లో కలిసి ఏర్పాటు చేసుకున్న మధ్యకాలిక వాతావరణ సూచనల కేంద్రానిది మరో మోడల్. జర్మనీ వాతావరణ సంస్థది ఐకాన్, బ్రిటన్ మెట్ ఆఫీసుకు తనదంటూ ఇంకొకటి ఉంది. విండీ, విండ్‌గురు వంటి యాప్‌లలో ఏ మోడల్ చూడాలో మనమే ఎంచుకోవచ్చు. అక్కడ చేయవలసిన పని ఒక్కటే: ఒకే యాప్‌లో రెండు మూడు వేర్వేరు మోడళ్ళను పక్కపక్కన పెట్టి చూడాలి. నాలుగు యాప్‌లలో ఒకే మోడల్‌ను చూడటం కంటే ఇది ఎన్నో రెట్లు మేలు. మోడల్ పేరు ఎక్కడా చెప్పని యాప్‌ను సముద్రం పనికి పక్కన పెట్టేయడం మంచిది.

మోడల్ భూగోళాన్ని గళ్ళుగా విడగొడుతుంది. జీఎఫ్‌ఎస్‌లో ఒక్కో గడి దాదాపు 13 కిలోమీటర్లు, ఐరోపా మోడల్‌లో దాదాపు 9. ఆ గడి మొత్తానికి గాలి ఒకే అంకె. తీరం దగ్గర ఒక గడిలో సగం నేల, సగం నీరు ఉంటాయి. నేలమీద చెట్లు, కొండలు, ఇళ్ళు గాలిని అడ్డుకుంటాయి, నీటిమీద అడ్డు ఏదీ లేదు. ఈ రెండింటినీ కలిపి మోడల్ ఒక అంకె చెబితే, అది ఒడ్డున ఉన్నవాడికి ఎక్కువగానూ నీటిమీద ఉన్నవాడికి తక్కువగానూ అనిపిస్తుంది. మీ ఊరి పేరు కొట్టి చూసే సూచనలో ఈ తప్పు దాగి ఉంటుంది. సూచనను ఊరి పేరుతో కాకుండా, తీరానికి బాగా అవతల మీరు వల వేసే చోటి మీద వేలు పెట్టి చూడండి. రెండు అంకెల మధ్య తేడా చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మధ్యాహ్నపు సముద్రపు గాలి, రెండు కొండల మధ్య ఇరుకులోంచి దూసుకొచ్చే గాలి, కొండకొమ్ము చుట్టూ తిరిగి బలపడే గాలి లాంటివి పెద్ద గళ్ళ మోడళ్ళకు సరిగా అందవు. ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల గళ్ళతో లెక్కవేసే ప్రాంతీయ మోడళ్ళు చాలా దేశాల్లో ఉన్నాయి. అవి సాధారణంగా రెండు మూడు రోజుల వరకే చెబుతాయి. బయలుదేరే ముందు రోజు వాటిని చూడటం మంచి అలవాటు.

ఇప్పుడు కృత్రిమ మేధ మోడళ్ళు కూడా వచ్చాయి. ఐరోపా కేంద్రం తన సొంత కృత్రిమ మేధ మోడల్‌ను 2025 ఫిబ్రవరిలో రోజువారీ వాడకంలోకి తెచ్చింది. దశాబ్దాల పాత వాతావరణ రికార్డుల నుంచి నేర్చుకుని అవి నిమిషాల్లో సూచన ఇస్తున్నాయి. తుపాను ఎటు వెళుతుందో చెప్పడంలో అవి బాగా పనిచేస్తున్నాయి. తుపానులో గాలి ఎంత బలంగా ఉంటుందో చెప్పేటప్పుడు మాత్రం తక్కువగా చెప్పే అలవాటు వాటిలో చాలావాటికి ఉంది. వేటకు వెళ్ళేవాడికి ఆ రెండోదే ముఖ్యం కాబట్టి వాటిని మాత్రమే నమ్ముకోవద్దు.

మనిషి రాసిన నాలుగు వాక్యాలు

ఈ మోడళ్ళన్నిటికంటే ముందు చూడవలసింది ఆ తీరానికి చెందిన వాతావరణ సంస్థ జారీ చేసే సముద్ర బులెటిన్. అది చూడటానికి పొడిపొడిగా ఉంటుంది. రంగుల పటం ఉండదు, కదిలే బాణాలు ఉండవు, నాలుగైదు వాక్యాలు ఉంటాయి. కానీ దాన్ని రాసిన మనిషి అన్ని మోడళ్ళనూ చూశాడు, ఉపగ్రహ చిత్రాలు చూశాడు, ఆ తీరంలో మోడల్ ఎప్పుడు తప్పుతుందో ఏళ్ళ తరబడి గమనించాడు. తన సంస్థ తరఫున బాధ్యత తీసుకుని రాశాడు. ప్రపంచ సముద్రాలను 21 ప్రాంతాలుగా పంచుకుని దేశాలు ఈ హెచ్చరికలను ప్రసారం చేస్తాయి. తీరానికి కొన్ని వందల మైళ్ళ దూరం వరకు, ఫోను సిగ్నల్ అందని చోట కూడా, 518 కిలోహెర్ట్జ్ మీద నావ్‌టెక్స్ అనే రేడియో పరికరం వాటిని అందుకుంటుంది.

ఈ వ్యవస్థ ఊరికే పుట్టలేదు. 1859 అక్టోబరు చివర్లో వచ్చిన తుపానులో రాయల్ చార్టర్ అనే ఓడ బ్రిటన్‌లోని ఆంగ్లెసీ దీవి రాళ్ళకు కొట్టుకుని ముక్కలైంది. నాలుగు వందలమందికి పైగా చనిపోయారు. అప్పుడు అక్కడి వాతావరణ విభాగాన్ని చూస్తున్న రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, టెలిగ్రాఫ్ తీగల మీద తీరప్రాంతాల సమాచారం తెప్పించుకుని తుపాను రాకముందే రేవులను హెచ్చరించవచ్చని పట్టుబట్టాడు. 1861 ఫిబ్రవరి నుంచి రేవుల్లో స్తంభాలమీద శంకువు, డోలు ఆకారాలను ఎగరేసి హెచ్చరించడం మొదలైంది. ఆ సూచనలు తప్పినప్పుడల్లా ఆయన విమర్శలు ఎదుర్కొన్నాడు. 1865లో ఆయన చనిపోయాక, వాటికి తగిన శాస్త్రీయ ఆధారం లేదంటూ 1866లో హెచ్చరికలను ఆపేశారు. సముద్రం మీద బతికేవాళ్ళు ఊరుకోలేదు. మరుసటి ఏడాదే తుపాను హెచ్చరికలు తిరిగి మొదలయ్యాయి. అప్పుడప్పుడు తప్పే హెచ్చరిక కూడా తమకు కావాలని అడిగింది వాళ్ళే. ‘పోయినసారి హెచ్చరించారు, ఏమీ కాలేదు’ అని ఎవరైనా బులెటిన్‌ను తీసిపారేస్తుంటే నాకు ఈ సంగతే గుర్తుకొస్తుంది.

బులెటిన్‌లోని మాటలకు కచ్చితమైన అర్థాలు ఉంటాయి. ఉదాహరణకు బ్రిటన్ సముద్ర సూచనలలో పెనుగాలి ‘ఆసన్నం’ అంటే ఆరు గంటల్లోపు అని, ‘త్వరలో’ అంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో అని, ‘తరువాత’ అంటే పన్నెండు గంటలు దాటాక అని అర్థం. మామూలు మాటల్లా చదివితే ‘త్వరలో’ అన్నది ‘ఇప్పుడే’ అనిపించవచ్చు, ‘తరువాత’ అన్నది ‘ఈ రోజుకు కాదులే’ అనిపించవచ్చు. మీ తీరం బులెటిన్‌లో ఏ మాటకు ఏ హద్దు ఉందో ఒకసారి చదివి పెట్టుకుంటే చాలు, జీవితాంతం పనికొస్తుంది.

0.506127కు బదులు 0.506

1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త అమెరికాలో ఒక చిన్న కంప్యూటర్ మీద కృత్రిమ వాతావరణాన్ని నడిపిస్తున్నాడు. ఒక లెక్కను మళ్ళీ చూడాలనుకుని, మధ్యలో అచ్చయిన అంకెలను తీసుకుని తిరిగి టైపు చేశాడు. యంత్రం లోపల 0.506127 అని ఉన్నది కాగితం మీద 0.506 అని మాత్రమే పడింది. ఆయన అదే కొట్టి, కాఫీ తాగడానికి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి కొత్త లెక్క పాత లెక్కకు పొంతన లేకుండా ఎటో వెళ్ళిపోయింది. మొదట కొద్దిసేపు రెండూ కలిసే నడిచాయి, తరువాత మెల్లగా దూరమయ్యాయి, చివరికి రెండింటికీ సంబంధమే లేదు. పదివేలలో ఒకటి రెండు వంతుల తేడా చేసిన పని అది. 1963లో ఆయన అచ్చువేసిన పరిశోధనా పత్రం వాతావరణ శాస్త్రం నడకనే మార్చేసింది.

ఏ మోడల్‌కూ ఈ క్షణంలో సముద్రం మీద ప్రతి చోటా గాలి ఎంత ఉందో పూర్తిగా తెలియదు. మొదటి అంకెలోనే చిన్న తప్పు ఉంటుంది, అది రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది. దీన్ని అంగీకరించి వాతావరణ కేంద్రాలు ఒక ఉపాయం కనిపెట్టాయి. మొదటి అంకెలను కొంచెం కొంచెం మార్చి ఒకే సూచనను ఎన్నోసార్లు లెక్కవేస్తాయి. దాన్ని ఎన్‌సెంబుల్ అంటారు. ఐరోపా కేంద్రం ఎన్‌సెంబుల్‌లో ఇలాంటి లెక్కలు 51. అన్నీ ఒకేచోట చేరితే వాతావరణం తేలికగా అంచనాకు అందేలా ఉందని అర్థం. చెల్లాచెదురైతే మోడల్‌కే నమ్మకం లేదని అర్థం.

రెండు శనివారాలను ఊహించుకోండి. రెండింటికీ యాప్‌లో మధ్యాహ్నం గాలి 13 నాట్లు (ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు) అనే ఉంది. ఎన్‌సెంబుల్‌లోని 51 లెక్కలనూ గీతలుగా గీస్తే, మొదటి శనివారం అవన్నీ 10కీ 16కీ మధ్య ఒక సన్నటి తాడులా పేనుకుని ఉన్నాయి. రెండో శనివారం ఆ గీతలు 6 నుంచి 30 దాకా చీపురులా విచ్చుకున్నాయి. యాప్ చూసేవాడికి రెండు రోజులూ ఒకటే. గీతలు చూసినవాడు మొదటి రోజు వెళతాడు, రెండో రోజు ఆగుతాడు. ఎన్‌సెంబుల్ పటాలు ఉచితంగానే చాలాచోట్ల దొరుకుతాయి, చూసేవాళ్ళే తక్కువ. అవి చూసే వీలు లేకపోతే ఇంకో మార్గం ఉంది. ఒకే రోజుకు చెందిన సూచన పూటపూటకూ ఎలా మారుతోందో నాలుగుసార్లు రాసి పెట్టుకోండి. బుధవారం 12 అని, గురువారం ఉదయం 20 అని, సాయంత్రం మళ్ళీ 11 అని చెప్పిన మోడల్ శుక్రవారం 12 అన్నా నేను నమ్మను.

సూచనలు మెరుగుపడిన మాట నిజం. గత నాలుగు దశాబ్దాలలో, దశాబ్దానికి సుమారు ఒక రోజు చొప్పున ముందుకు జరిగాయి. ఇరవై ఏళ్ళ కిందటి మూడో రోజు సూచన ఎంత కచ్చితంగా ఉండేదో, ఇప్పుడు ఐదో రోజు సూచన అంత కచ్చితంగా ఉంటోంది. అయినా వారం తరువాతి గంట గంట గాలిని చూసి పడవ మాట్లాడుకోవడం పొరపాటే. వారం ముందు చూసేది వాతావరణం ఏ వైపు మొగ్గుతోందో తెలుసుకోవడానికే. మూడు రోజుల ముందు మోడళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చాయా అని చూడాలి. ముందు రోజు సాయంత్రం బులెటిన్, బయలుదేరే ఉదయం రాడార్, బోయ్‌ల (నీటిమీద తేలుతూ గాలిని, అలను కొలిచే పరికరాల) కొలతలు.

ఒక వరుసను చదువుదాం

సూచన పట్టికలో ఒక వరుస ఇలా ఉందనుకుందాం: గాలి 14 నాట్లు, విసురు 22, గాలి అల 1.5 మీటర్లు, వ్యవధి 5 సెకన్లు, స్వెల్ 0.8 మీటర్లు, వ్యవధి 13 సెకన్లు. చూడగానే పెద్దగా భయపెట్టే అంకెలు కావు. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం.

14 అన్నది సగటు. సముద్ర సూచనలలో గాలి అంటే మామూలుగా నీటికి పది మీటర్ల ఎత్తులో పది నిమిషాల సగటు. విసురు 22 అంటే మధ్యమధ్యలో కొన్ని సెకన్లపాటు అంత బలంగా కొడుతుందని. గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. 14కూ 22కూ మధ్య తోపు దాదాపు రెండున్నర రెట్లు. పడవ పక్కకు ఒరిగేది, లంగరు జారేది, మనిషి తూలిపడేది ఆ విసురులోనే. అందుకే నేను సగటు గాలిని రెండోసారి చూస్తాను, విసురును మొదట చూస్తాను.

1.5 మీటర్ల అల అన్నది ఇంకా మోసం చేసే అంకె. అది అతిపెద్ద అల కాదు, అన్ని అలల సగటూ కాదు. అలలన్నిటినీ ఎత్తు ప్రకారం వరుసపెట్టి, పై మూడో వంతు అలలను తీసుకుని వాటికి కట్టిన సగటు. దీన్ని ప్రామాణిక అల ఎత్తు అనుకోవచ్చు. అంటే దాదాపు ప్రతి ఏడు అలల్లో ఒకటి 1.5 మీటర్లను దాటుతుంది. 5 సెకన్లకు ఒక అల అంటే నిమిషానికి 12, గంటకు 720. వెయ్యి అలలు రావడానికి గంటన్నర కూడా పట్టదు. ఆ వెయ్యిలో అన్నిటికంటే పెద్దది దాదాపు 2.8 మీటర్లు ఉంటుందని గణితం చెబుతుంది. ఆరు గంటలు ఉంటే 3 మీటర్ల అలను ఒక్కసారైనా చూసే అవకాశమే ఎక్కువ. పట్టికలో 1.5 అని ఉంటే మీ పడవ 3 మీటర్ల అలను తట్టుకోగలదా అని అడగాలి. ఈ ఒక్క ‘రెండింతలు’ లెక్క తెలియకపోవడం వల్లే ‘సూచన తప్పింది’ అనే మాట అన్ని రేవుల్లోనూ వినిపిస్తుంది. చాలాసార్లు సూచన తప్పలేదు, చదవడం తప్పింది. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో డ్రాప్నర్ అనే గ్యాస్ వేదిక మీది పరికరం 25.6 మీటర్ల అలను కొలిచింది. అప్పుడు ప్రామాణిక ఎత్తు సుమారు 12 మీటర్లు.

ఇక వ్యవధి, అంటే ఒక అల వెనక మరో అల రావడానికి పట్టే సమయం. లోతైన నీటిలో అల పొడవు లెక్కగట్టడం తేలిక: వ్యవధిని దానితోనే హెచ్చవేసి, మళ్ళీ 1.56తో హెచ్చవేస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లు. 12 సెకన్ల అల పొడవు దాదాపు 225 మీటర్లు. అదే 1.5 మీటర్ల ఎత్తు 225 మీటర్ల మీద పరుచుకుంటే పడవ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, మనిషి నిలబడి వల లాగగలడు. 39 మీటర్లలోనే లేచి పడితే అది గోడల వరుస. ముక్కు ఒక అలలోంచి లేవకముందే రెండో అల వచ్చి మీద పడుతుంది. చిన్న పడవలవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. అల ఎత్తు అడుగుల్లో, వ్యవధి సెకన్లలో చూసి, రెండూ దాదాపు సమానమైతే వెళ్ళరు. 1.5 మీటర్లు అంటే ఐదు అడుగులు. మన వరుసలో వ్యవధి ఐదు సెకన్లు. అందరూ తేలిగ్గా దాటేసే ఆ వరుస, చిన్న పడవకు ‘ఆగు’ అని చెబుతున్న వరుస.

స్వెల్ అంటే ఇక్కడి గాలి లేపిన అల కాదు. ఎక్కడో దూరాన తుపాను లేపితే, ఆ గాలి వదిలేశాక కూడా ప్రయాణిస్తూ వచ్చిన అల. 13 సెకన్ల స్వెల్ గుంపుగా గంటకు సుమారు 20 నాటికల్ మైళ్ళు నడుస్తుంది, రోజులో 470కి పైగా. సముద్ర శాస్త్రవేత్త వాల్టర్ మంక్ బృందం 1963లో పసిఫిక్ అంతటా కొలత కేంద్రాలు పెట్టి, అంటార్కిటికా దగ్గరి తుపానులలో పుట్టిన అలలను అలాస్కా దాకా వెంబడించింది. అందుకే గాలి లేని, మబ్బు లేని ఉదయాన తీరంలో పెద్ద అలలు విరుగుతుంటాయి. లోతు నీళ్ళలో 0.8 మీటర్ల స్వెల్ పడవలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. లోతు తగ్గేకొద్దీ దానికి అడుగు తగులుతుంది, వేగం తగ్గుతుంది, ఎత్తు పెరుగుతుంది. ప్రమాదం నడి సముద్రంలో లేదు, రేవు గుమ్మంలో ఉంది.

మరొక చిక్కు: కొన్ని యాప్‌లు గాలి అలను, స్వెల్‌ను విడివిడిగా చూపిస్తాయి, కొన్ని రెండూ కలిపి ఒకే ఎత్తు చెబుతాయి. కలిపేటప్పుడు 1.5కు 0.8 కూడకూడదు. రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. మన వరుసకు అది 1.7 మీటర్లు. ఎత్తు కాస్తే పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ గాలి అల ఒక వైపు నుంచి, స్వెల్ మరో వైపు నుంచి వస్తే పడవ ఏ అలకు ముక్కు పెట్టాలో తెలియని గజిబిజి సముద్రం అవుతుంది. ఒక్క అంకెలో ఆ గజిబిజి కనిపించదు. దిక్కులు కూడా చూడాలి.

దిక్కుల దగ్గర ఒక సంప్రదాయం చాలామందిని తికమక పెడుతుంది. తూర్పు గాలి అంటే తూర్పు నుంచి వచ్చే గాలి. తూర్పు ప్రవాహం అంటే తూర్పుకు పోయే నీరు. కాబట్టి తూర్పు గాలి, తూర్పు ప్రవాహం అని పట్టికలో ఉంటే అవి ఒకదానికొకటి ఎదురెదురు. గాలికి ఎదురుగా నీరు నడిచినప్పుడు అలలు దగ్గరపడి నిటారుగా లేస్తాయి. ఉదయం హాయిగా ఉన్న చోటే నీరు తిరిగాక, గాలి ఒక్క నాటు కూడా పెరగకుండానే, భయం పుట్టిస్తుంది. చాలా యాప్‌ల అల అంకెల్లో ఈ స్థానిక ప్రవాహం లెక్కలోకి రాదు. గాలి పట్టిక పక్కన ఆటుపోట్ల పట్టికను పెట్టుకుని ఆ గంటలను మీరే కలిపి చూడాలి.

వెళ్ళేటప్పటి సముద్రం, వచ్చేటప్పటి సముద్రం

ఎక్కువమంది బయలుదేరే గంటకు సూచన చూస్తారు. ప్రమాదాలు తిరిగి వచ్చేటప్పుడు కాచుకుని ఉంటాయి. తెల్లవారుజామున గాలి మందంగా ఉంటుంది, నీరు అద్దంలా ఉంటుంది. పగలు నేల వేడెక్కాక సముద్రపు గాలి లేస్తుంది. అప్పటికి మనుషులు అలిసిపోయి ఉంటారు, పడవ బరువెక్కి ఉంటుంది, ఇంధనం తగ్గి ఉంటుంది.

నది కలిసే మొగ దగ్గర ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఇసుక మేట మీద నీటి లోతు తక్కువ. ఆటు వేళ నదిలోంచి నీరు బయటికి తోసుకొస్తుంది. బయటి నుంచి స్వెల్ లోపలికి వస్తుంది. రెండూ మేట మీద ఎదురుపడతాయి. సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే అల వీపు మాత్రమే కనిపిస్తుంది, దాని నోరు కనిపించదు. మొగ నున్నగా ఉన్నట్టే అనిపించి లోపలికి తిప్పిన పడవను వెనక నుంచి వచ్చిన అల పక్కకు తిప్పి బోర్లా వేస్తుంది. మేట మీద అల ఎంత లేస్తుందో ఏ ప్రపంచ మోడల్ కూడా చెప్పదు. కాబట్టి బయలుదేరే ముందే తిరుగు ప్రయాణపు గంట చూసుకోవాలి. ఆ గంటకు ఆటా, పోటా? స్వెల్ వ్యవధి పది సెకన్లు దాటిందా? ఆటు వేళ, పొడవైన స్వెల్, రెండూ కలిసిన గంటలో మొగ దాటడం మానుకుని, బయట లోతు నీళ్ళలో పోటు కోసం ఆగడమే మంచిది. ఆగడానికి సరిపడా ఇంధనం, తాగునీరు ఉండాలంటే ఆ ఆలోచన ఒడ్డునే రావాలి.

నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలి ఇంకో రకంగా మోసం చేస్తుంది. ఒడ్డు దగ్గర ఆ గాలికి అల లేపేంత దూరం ఉండదు కాబట్టి నీరు చదునుగా కనిపిస్తుంది. పడవ దూరం వెళ్ళేకొద్దీ అల పెరుగుతూ పోతుంది. వెనక్కి తిరిగేసరికి గాలి, అల రెండూ ముఖానికి ఎదురు. ఇంజను ఆగిందంటే పడవ నడి సముద్రంలోకి కొట్టుకుపోతుంది.

అంకెల్లోని చిన్న ఉచ్చులు

కొన్ని యాప్‌లు గాలిని సెకనుకు మీటర్లలో చూపిస్తాయి. అక్కడ 10 అని ఉంటే అది 19 నాట్లకు పైమాటే. దాన్ని 10 నాట్లు అనుకున్నవాడు సగం గాలికి సిద్ధపడి వెళతాడు. మోడల్ సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మీ గడియారానికీ దానికీ ఎన్ని గంటల తేడా ఉందో సరిచూసుకోవాలి. సిగ్నల్ లేని చోట ఫోను నిన్నటి పాత సూచననే ఈ రోజుదిలా చూపించే ప్రమాదం ఉంది. కాబట్టి సూచన జారీ అయిన గంట ఎక్కడ రాసి ఉందో ముందే వెతికి పెట్టుకోండి.

సూచనను సముద్రంతో సరిచూడటం

బయలుదేరే ఉదయం అన్నిటికంటే విలువైనది కొలత. దగ్గరలో బోయ్ ఉంటే గడిచిన గంటలో గాలి, అల ఎంతో అది చెబుతుంది. మోడల్ ఈ గంటకు 10 నాట్లు అని ఉండగా బోయ్ 17 చూపిస్తే, మధ్యాహ్నానికి మోడల్ చెప్పిన 15ను కూడా నమ్మనక్కర్లేదు. వర్తమానాన్నే తప్పుగా చెప్పిన మోడల్ భవిష్యత్తును సరిగా చెబుతుందని ఆశించలేం.

బోయ్ లేకపోతే కన్ను ఉంది. బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో మొదలుపెట్టిన గాలి కొలబద్ద ఇప్పటికీ పనికొస్తుంది. అక్కడక్కడా తెల్లటి నురగ తలలు కనిపించడం మొదలైతే గాలి 7 నుంచి 10 నాట్లు. అవి తరచుగా కనిపిస్తే 11 నుంచి 16. ఎటు చూసినా తెల్లగా ఉండి నీటి తుంపర ఎగురుతుంటే 17 దాటింది. సూచనలో 8 అని ఉండి కళ్ళెదుట సముద్రమంతా తెల్లబడితే కళ్ళనే నమ్మాలి.

గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్‌ను మరచిపోయినవాళ్ళు ఎక్కువ. చాలా ఫోన్లలో ఇప్పుడు అది లోపలే ఉంటుంది. పీడనం మూడు గంటల్లో 3.6 హెక్టాపాస్కల్‌కు (పీడనపు కొలమానం) మించి పడితే దాన్ని ‘వేగంగా పడటం’ అంటారు, 6 దాటితే ‘అతివేగంగా’. ఉష్ణమండలంలో ఒక విశేషం ఉంది. అక్కడ పీడనం రోజుకు రెండుసార్లు దానంతటదే ఊగుతుంది. ఉదయం, రాత్రి పదింటికి పెరిగి, తెల్లవారుజామున, సాయంత్రం నాలుగింటికి తగ్గుతుంది. మధ్యాహ్నం కొద్దిగా తగ్గడం చూసి కంగారు పడనక్కర్లేదు. ఉదయం పదింటికి పెరగవలసిన పీడనం పెరగకుండా పడుతూ ఉంటే మాత్రం ఒడ్డుకు తిరగాలి.

ఉరుముల మబ్బులను ఏ మోడల్ కూడా చోటు, గంట కచ్చితంగా చెప్పలేదు. అవకాశం ఉందని చెబుతుంది, అంతే. అందుకు రాడార్, మెరుపుల పటం చూడాలి, ఆకాశం చూడాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లు అంటే పది కిలోమీటర్లు, అప్పటికే ఆలస్యమైంది. వాన రాకముందే ఒక్కసారిగా చల్లగాలి తగిలితే ఈదురుగాలి వెనకే ఉంది. పొగమంచు సంగతి వేరు. తేమ నిండిన వెచ్చటి గాలి చల్లటి నీటి మీదికి వచ్చినప్పుడు అది పుడుతుంది, గాలి వీస్తున్నా విడిపోదు. ఎండ బొమ్మ చూసి వెళ్ళినవాళ్ళను దారి తప్పించేది ఇదే.

తిరిగి వచ్చాక ఐదు నిమిషాలు పట్టే పని ఒకటి ఉంది. సూచన ఏమి చెప్పింది, సముద్రం ఏమి చేసింది అన్నది నోటు పుస్తకంలో రెండు గీతల్లో రాయాలి. ‘గాలి 12 అన్నారు, 16 వచ్చింది, దక్షిణం నుంచి.’ ఇలాంటివి ముప్పై నలభై అయ్యేసరికి మీ వేట చోటికి ఏ మోడల్ ఏ గాలిలో తక్కువ చెబుతుందో తెలిసిపోతుంది. ఆ సమాచారం ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదు.

బయలుదేరే ముందు రాయవలసిన కాగితం వేరే ఉంది. సూచనను ఎంత బాగా చదివినా నీటి మీదికి వెళ్ళాక మనసు మెత్తబడుతుంది. చేప పడుతున్నప్పుడు ఇంకో అరగంట ఉందాం అనిపిస్తుంది. అందుకే హద్దులు ఒడ్డున ఉండగానే పెట్టుకోవాలి. విసురు ఎంత దాటితే తిరగాలి, పీడనం ఎంత పడితే తిరగాలి, ఏమీ కాకపోయినా ఎన్ని గంటలకు తిరగాలి అన్నవి అంకెల్లో రాసి, ఆ కాగితం నకలు ఒడ్డున ఉండే మనిషి చేతిలో పెట్టాలి. దాని కింద ఇంకో గీత ఉండాలి: ఎన్ని గంటలు దాటినా పడవ కనిపించకపోతే తీర రక్షక దళానికి ఏ నంబరుకు ఫోను చేయాలో.